ఇటుక నేర్పిన చేతులు

వరుస గదుల మా చాల్ పక్కన పాత గోడ కూలగొట్టి కొత్తది కడుతున్నారు. తడిపిన ఇటుకల వాసనకు గది ముందరి గ్యాలరీలో అలాగే నిలబడిపోయాను. నా తొమ్మిదో ఏట మా ముంగిలి నిండా ఇదే వాసన.

కింది అంతస్తు ఖోలీలో, మా గది కిందే ఉండే యాదగిరన్న అప్పటికే రాష్ట్ర జట్టుకు వాలీబాల్ ఆడేవాడు. ఆట నేర్పుతానని ఆడపిల్లలమైన మమ్మల్ని పిలిచి, వరుసగా నిలబెట్టి, చాల్ మరమ్మతుకు తెచ్చిన ఇటుకలను ఒకరి నుంచి ఒకరికి విసిరించాడు. బంతి ఊసే లేదు. ఊరికే కూలిపని చేయించుకుంటున్నాడనుకుని ఏడుస్తూ నానమ్మకు చెప్పాను. పాలమూరు నుంచి వచ్చి జన్మంతా ఇటుకలు మోసిన మనిషి ఆమె. కొంగు నడుముకు దోపుకుని దిగింది.

"ఏందిరా యాదగిరీ, మేం మోసింది సాలదా? పిల్లలతోని గూడ మోయిస్తవా?"

"మోయిస్తలేను పెద్దమ్మా. బంతికి చేతులు అలవాటు చేస్తున్న."

నానమ్మ అతను ఇటుక పట్టే తీరు చూసి, చేతిలోని ఇటుక లాక్కుంది.

"గిట్లనా నేర్పేది? ఇటుకకు ఎదురు పోవద్దు. అది రాంగనే చెయ్యి దాని ఎంబడి ఎన్కకు పోవాలె. లేకుంటే తోలు లేస్తది."

ఆ సాయంత్రం అందరికన్నా శ్రద్ధగా నేర్చుకున్నది యాదగిరన్నే.

ఇప్పుడాయన ఏదో దేశపు అమ్మాయిల జట్టుకు కోచ్. మొన్న ఫోన్‌లో వీడియో చూశాను. ఆయన మాట్లాడే భాష నాకు అర్థం కాలేదు. కానీ బంతి వస్తుంటే ఎదురు పోకుండా చేతులు మెత్తగా వెనక్కి తీసి చూపిస్తున్నాడు. అచ్చం మా నానమ్మే. నడుముకు దోపిన కొంగు ఒక్కటే తక్కువ.