అన్న తుడిచి ఇచ్చిన రైలింజను

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే అన్న ట్రంకు పెట్టె మూత ఎత్తగానే నేను గబగబా చాపలు చుట్టి మూలన పెట్టేదాన్ని. హోసూరులో మాది ఒకే గది అద్దె ఇల్లు. నేల ఖాళీ అయితే గానీ రైలు పట్టాలు గుండ్రంగా పరవడానికి చోటు ఉండేది కాదు...

కీ తిప్పి వదిలే రైలు కాదండీ, నిజంగా కరెంటుతో నడిచే రైలు. నాయన పనిచేసే ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చిన ఒక జర్మనీ ఇంజనీరు, తిరిగి వెళ్ళేటప్పుడు పిల్లలకివ్వమని నాయనకు ఇచ్చిపోయాడు. అప్పటికే పాతది. ఆకుపచ్చ ఇంజను, మూడు పెట్టెలు. కరెంటు పట్టాల నుంచి చక్రాలకు ఎక్కుతుంది, చక్రాల వెనక ఆనుకుని ఉండే సన్నటి రాగి రేకులు దాన్ని లోపలి మోటారుకు అందిస్తాయి. ఇదంతా అన్నే చెప్పాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద... అన్న చెప్పిందే నాకు వేదం.

చెరి పది చుట్లు అని వంతులు వేసుకునేవాళ్ళం. అన్న వంతులో రైలు చక్కగా తిరిగేది. నా వంతు వచ్చేసరికి పట్టాల అతుకు కనబడితే చాలు, ఇంజను నిలిచిపోయేది. అన్న వచ్చి వేలితో అలా నొక్కితే కదిలేది... మళ్ళీ నాలుగు జానలు పోయి ఆగేది.

నేను ఏడుస్తానని, నా వంతుకు ముందు ప్రతిసారీ అన్న ఇంజనును ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని "ఉండు పాపా, చక్రాలు తుడిచి ఇస్తాను" అనేవాడు. చొక్కా అంచుతో ఓపిగ్గా తుడిచి ఇచ్చేవాడు. ఇంత మంచి అన్న ఎవరికి ఉంటాడని మురిసిపోయేదాన్ని.

అంత తుడిచినా ఆగిపోతోందంటే తప్పు నాదే కదా... ఒకరోజు అన్నే ఆ మాట అనేశాడు, పాప చెయ్యి పడితే మిషన్లు నిలిచిపోతాయని. వేప్పనపల్లి నుంచి వచ్చి ఉన్న అవ్వ దాన్ని పట్టుకుంది. దీనికి కైరాసి లేదని తేల్చేసింది. కైరాసి అంటే చేతి గుణం. ఇక ఇంట్లో మిక్సీ స్విచ్చు కూడా నన్ను వెయ్యనివ్వలేదు. సెలవులకు ఊరికి పోతే, అవ్వ మిరప నారు నాటేటప్పుడు నన్ను గట్టు మీద కూర్చోబెట్టేది. అందరూ నవ్వుతూనే అనేవాళ్ళు... నేనూ నవ్వేదాన్ని. కానీ నమ్మాను.

పదో తరగతి అయ్యాక కృష్ణగిరిలో పాలిటెక్నిక్ చదవాలని ఫారం తెచ్చుకున్నాను. మెకానికల్... ఎవరికీ చెప్పని ఆశ. నాయన సంతకానికి పెన్ను కూడా తీశాడు. అప్పటికే డిప్లొమా ముగించి ఉద్యోగంలో చేరిన అన్న, "మిషన్ల పని దీనికి వద్దు నాయనా, దీని చెయ్యి మంచిది కాదు" అన్నాడు. నాయన నా మొహం చూశాడు. నేనే తల ఊపి, కామర్స్‌లో చేరిపోయాను.

పోయిన నెల అమ్మ ఇంటి అటక మీద ఆ ట్రంకు పెట్టె దొరికింది. పాత ఇంజన్లకు అన్ని చక్రాలకూ రేకులు పెడితే ఎక్కడా ఆగవని ఫోనులో ఒక వీడియో చూశాను. మా ఇంజనుకు ఎనిమిది చక్రాలు ఉంటే రేకులు నాలుగింటికే ఉన్నాయి. మా అమ్మాయి ఆడుకుంటుందని, పట్టాలతో సహా బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. సొంతంగా చెయ్యి పెట్టే ధైర్యం నాకెక్కడిది...

ఆయన ఇంజనును వెల్లకిలా తిప్పి, కళ్ళద్దాలు సర్దుకుని, చిన్న పట్టకారుతో ఏదో బయటికి లాగాడు. నారింజ మిఠాయికి చుట్టే పలచటి ప్లాస్టిక్ కాగితం. గోరంత ముక్క, రెండు మడతలు. రేకుకూ చక్రానికీ మధ్య దూర్చి ఉంది.

"ఇంజనుకు ఏమీ కాలేదమ్మా. ఈ చక్రం నుంచి కరెంటు అందకుండా ఎవరో కావాలనే ఈడ పెట్టినారు. నిలిచి నిలిచి పోయేది గదా?"

ఆ మిఠాయిలు ఎప్పుడూ అన్న జేబులోనే ఉండేవి. తుడవడం అంటే ఇదన్నమాట... నా వంతుకు దూర్చడం, తన వంతుకు తీసేయడం. ఆఖరిసారి ఆడింది నేను. అందుకే ముక్క అక్కడే ఉండిపోయింది. మోసం చేసినందుకు కూడా కాదు, అంత ప్రేమగా చేసినందుకు ఒళ్ళు మండిపోయింది.

పెద్దాయనకు ఆ రోజు గిరాకీ ఎక్కువ. మిగతా నాలుగు చక్రాలకు రేకులు కత్తిరించి, చక్రం వెనక మెత్తగా ఆనేలా వంచి చూపించి, అతికించడం మీరే చేసుకోండమ్మా అని సోల్డరింగ్ ఐరన్ నా చేతికిచ్చాడు. నా చెయ్యి మంచిది కాదు అనబోయి ఆగాను. మొదటి రెండు అతుకులు వికారంగా వచ్చాయి. మూడోది గట్టిగా నిలిచింది... సాయంత్రానికి ఇంజను ఆయన బల్ల మీద పట్టాల అతుకు ఒక్కదాని దగ్గర కూడా ఆగకుండా తిరిగింది. నలభై ఏళ్ళదాన్ని, ఆ అంగట్లో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఇంటికొచ్చి అన్నకు ఫోను చేశాను. ముందు నవ్వాడు.

"చిన్నపిల్లల ఆట పాపా. ఎప్పటి మాటో ఇప్పుడు ఎత్తుతావేమి?"

"ఆట సరే అన్నా... నాయన ఫారం మీద సంతకం పెట్టబోయిన దినం? తప్పు నా చేతిది కాదని ఆ పొద్దు కూడా నీకు తెలుసు గదా?"

అన్న డ్యూటీకి టైమైందని ఫోను పెట్టేశాడు. ఇరవై రోజులైంది... మళ్ళీ చేయలేదు.

అప్పుడు ఇద్దరికి ఒకటే బొమ్మ. ఇప్పుడు మా అమ్మాయికి వంతు అంటేనే తెలియదు, ఎవరి బొమ్మ వాళ్ళదే. పంచుకోవడం తెలియని తరం అని నేనూ ఇక్కడ పోస్టులు పెట్టినదాన్నే... ఇక ఆ మాట అనలేను.

మీ ఇంట్లో కూడా మీ చెయ్యి మంచిది కాదని ఎవరైనా ముద్ర వేసి ఉంటే కింద రాయండి. ఆ మాట మొదట ఎవరి నోటి నుంచి వచ్చిందో కూడా ఒకసారి గుర్తు తెచ్చుకుని రాయండి...