చేట మీద చిరుతపులి

ఆ పొద్దున ఇస్త్రీ ఆయన తెచ్చిన బట్టల్లో మామ టీషర్టు పైనే ఉంది. దాని మీది చిరుతపులి ముఖం సరిగ్గా సగానికి మడతపడి, ఒంటికన్నుతో చూస్తోంది. అంతకు కాసేపటి ముందే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా అమ్మ తమ్ముడు, నా మామ, ఇక లేరు.

బట్టల మిల్లులున్న తమిళ ఊరు పీలమేడులో మా ఇంటి మేడ మీది గది ఆయనది. మామ ప్రోగ్రాములు రాసేవారు. చిన్న వయసులోనే పనిముట్టు లాంటి ఒక ప్రోగ్రాము రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టారు. ప్రోగ్రాములు రాసేవాళ్ళ కంప్యూటర్లలో పోగుపడే పనికిరాని ఫైళ్ళను చెరిగి పారేసి, కావలసినవి మిగల్చడం దాని పని. అందుకే చేట అని పేరు పెట్టారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరు చూసిన పరాయివాళ్ళు చీటా అని, అంటే చిరుతపులి అని చదువుకున్నారు. చాలా దేశాల్లో వాడారు.

తర్వాత ఒక పెద్ద కంపెనీ మామకు ఉద్యోగమిచ్చి, చేట పేరునూ దాని పేజీనీ తన పేరున మార్పించుకుంది. చిరుతపులి బొమ్మ వేసి టీషర్టులు పంచింది. ఏడాది తిరగకముందే ఆయనను పంపేసింది. మామకు మిగిలినవి ఆ టీషర్టూ, అంతకుముందు తాను రాసిన ప్రోగ్రాము మీద హక్కూ.

ఫిర్యాదులు మాత్రం ఆయనకే వచ్చేవి. చేట లోపలి సంగతి తెలిసినవాళ్ళు కంపెనీలో లేరు. "నిద్రపోతున్నావా?" "చేతకాకపోతే వదిలెయ్" అని ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసేవారు. మామ జవాబు రాసి, కిందికి దిగి టీ తాగి వచ్చి, కోపంగా ఉన్న మాటలన్నీ తీసేసి పంపేవారు. ఒక్కోసారి నమస్కారం తప్ప ఏమీ మిగిలేది కాదు.

"అడిగేవాళ్ళకి ఇది మొదటిసారి, అమ్మిణీ. నాకు నూరోసారి అయితే అది వాళ్ళ తప్పా?" అని నాతో అనేవారు.

మామది మెయింటెనెన్స్ పని అని మా వీధిలో అందరికీ తెలుసు. అంటే మిల్లు పనే అనుకున్నారు. నీళ్ళ మోటారు మొరాయిస్తే పిలిచేవారు. మామ వెళ్ళేవారు. "మోటారు చూస్తే కాఫీ అయినా ఇస్తారు" అని నవ్వేవారు.

నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆయనే. మా కాన్వెంటులో తెలుగు లేదు. నేను తప్పు రాస్తే కొట్టేసేవారు కాదు. పక్కన సరైనది రాసి ఊరుకునేవారు. ఈ నాలుగు మాటలు ఆ చలవే.

ఆసుపత్రిలో ఉండగా ఆయన ఫోన్‌కు ఒక ఫిర్యాదు వచ్చింది. కంపెనీ కొత్తగా విడుదల చేసిన చేట పొట్టుతోపాటు గింజలనూ పారేస్తోందట. ఎక్కడో ఒక విద్యార్థిని పరిశోధనంతా పోయింది. "నా చదువు నాశనం చేశావు" అని రాసింది. మామ మంచం మీదే కూర్చుని తప్పు కనిపెట్టి, సవరణ పంపారు. వెంటనే కంపెనీ పెట్టిన యంత్రం జవాబిచ్చింది: ఒప్పందం మీద సంతకం చేయనిదే సవరణ చూడరు.

పక్కనే ఉన్న అవ్వకు, అంటే మామ అమ్మకు, అది అర్థం కాలేదు.

"నీ చేటకి కంత పడితే అలికేదానికి వాళ్ళ సెలవు ఏంటికిరా?"

"చేట ఇప్పుడు వాళ్ళది, అమ్మా."

"అట్లయితే తిట్లు?"

"అవి నావి."

"బాగుండాది పంపకం" అంది అవ్వ.

ఒప్పందం నేను రెండుసార్లు చదివాను. సంతకం చేస్తే మామ ఇంతవరకూ రాసిన ప్రతి అక్షరమూ కంపెనీది అవుతుంది. రేపు దాన్ని ఇంకెవరూ చూడకుండా, వాడకుండా మూసేసుకోవచ్చు.

"వద్దు మామా" అన్నాను.

"ఆ పిల్లది పోయిందే పోయింది. ఇంకొకరిది పోకూడదు కదా" అని మామ సంతకం చేశారు.

మళ్ళీ యంత్రమే పలికింది. తెర మీద చిరుతపులి పంజా ఊపుతోంది. "చేటాకు ఇది మీ మొదటి సాయం! మా కుటుంబంలోకి స్వాగతం!"

"చూడు అమ్మిణీ, కొత్తగా చేరుండాను" అని మామ నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. నర్సు వచ్చి మందలించి, ఆక్సిజన్ మాస్కు తిరిగి పెట్టింది. ఆయన బాగా నవ్వగా నేను చూడడం అదే ఆఖరు.

మామ ఫోన్ ఇంకా నా దగ్గరే ఉంది. నిన్న అందులోకి యంత్రం నుంచి మరో సందేశం వచ్చింది. "ఈ సవరణను ఎవరూ పరిశీలించలేదు. మీ వైపు నుంచి కూడా కదలిక లేదు. మీకు ఆసక్తి లేదని భావించి మూసివేస్తున్నాం." దాని కింద ఎవరో అప్పుడే అడిగారు, ఇదేమైనా చచ్చిపోయిందా అని.

మామ పంపిన సవరణ మొత్తం, ప్రోగ్రాములో ఒకచోట చేర్చిన ఒక్క చుక్క.