మామ్మ వైపు గడియ

సాయంత్రం ప్రాక్టీసు అప్పుడే మొదలైంది. మా కాలేజీ బాస్కెట్‌బాల్ హాలు తూర్పు గోడలో ఉన్న చిన్న తలుపు తెరుచుకుంది. మామ్మే అనుకుని అందరం అటు తిరిగాం. వచ్చింది ఆమె కూతురు. గడపలోనే నిలబడి, "అమ్మ పోనాది. ఈయాల బంతి కొట్టకండమ్మా," అంది. బంతి నా చేతుల్లో ఉంది. చప్పుడు కాకుండా దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గుండెలకు హత్తుకుని అలాగే నిలబడ్డాను.

మామ్మ మాకెవరికీ బంధువు కాదు. వన్ టౌన్‌లో మా ఆడపిల్లల కాలేజీ గోడకు ఆవల ఆమె ఇల్లు. ఓడరేవులో పనిచేసిన భర్త పోయాక, పెరట్లో చేపలు ఎండబెట్టి అమ్ముకుంటూ కూతురిని పెంచింది. మా అక్క ఈ కాలేజీలో చదివేనాటికే ఆమె అందరికీ మామ్మ.

డెబ్బైల్లో, అక్క ఆడే రోజుల్లో, కోర్టంటే చదును చేసిన నేల, రెండు ఇనుప స్తంభాలు. గాలి ఇటు తిరిగితే ఓడరేవులోని ఇనుప ఖనిజం ధూళి వచ్చి పడేది. ఆట ముగిసేసరికి అరచేతులు ఎర్రబారేవట. తర్వాత సిమెంటు వేశారు. నేను చేరేసరికి అదీ పగుళ్లిచ్చింది. ఈ మార్పులన్నీ మామ్మ గోడవతల ఉండి చెవులతోనే చూసింది. "మీ అక్కోళ్లప్పుడు బంతి దబ్బు దబ్బుమనీది. ఇప్పుడు సెంప మీద కొట్టినట్టుంతాది," అనేది.

గురి తప్పిన బంతి గోడ దాటి ఆమె చేపల మీద పడేది. తేవడానికి వెళ్తే ఒకటే ప్రశ్న.

"ఎవులే అది? గెలుత్తన్నారా, ఓడిపోతన్నారా?"

"ఓడిపోతున్నాం మామ్మా!"

"అలగైతే ఎల్లు, ఎల్లు. ఓడిపోతన్నోళ్లకి నిలబడ్డానికి టైమెక్కడిది?"

గెలుస్తున్నామంటే మాత్రం వదిలేది కాదు. బంతిని ఒళ్లో పెట్టుకుని, మమ్మల్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఇంట్లో ఏం వండారో అడిగేది. అందుకే ఎప్పుడు వెళ్లినా ఓడిపోతున్నామనే చెప్పేవాళ్లం. "ఏటే, మీరు ఏనాడూ గెలవరా? తిన్నదంతా ఏటౌతంది?" అని వెక్కిరించేది. మా అబద్ధం తెలిసే అడిగేదని ఇప్పుడనిపిస్తోంది.

నేను రెండో సంవత్సరంలో ఉండగా కోర్టుకు కప్పు వేసి హాలు కట్టాలనుకున్నారు. చూసేవాళ్లు కూర్చునే మెట్లకు చోటు చాలలేదు. ప్రిన్సిపాల్ గారు మామ్మను పెరట్లో కొంత ఇమ్మని అడిగారు. చేపలు ఎండేది అక్కడే. ఆమె అవుననలేదు, కాదనలేదు. బంతి కోసం వెళ్లినప్పుడు నాతో అంది, "సేపలు ఏడేసినా ఎండుతాయి. అది కాదే. గోడ లేపీత్తారు, కప్పేసీత్తారు. మరి బంతి నాకాడికి ఎలగొత్తాది?"

బంతిని చంకన పెట్టుకుని కోర్టుకు తిరిగొచ్చాను.

చివరికి ఆమే ఒక దారి కనిపెట్టింది. స్థలం ఇస్తుంది. గోడలో ఆమె ఇంట్లోకి ఒక తలుపు పెట్టాలి. గడియ ఆమె వైపే ఉండాలి. "నాకు బుద్ధి పుడితే తీత్తాను. నేపోతే నేదు." ప్రిన్సిపాల్ గారు నవ్వి సరేనన్నారు.

హాలు లేచింది. బోర్డు మీద ఇండోర్ స్టేడియం అని రాయించారు. మామ్మ దాన్ని బంతిసాల అనేది. పశువుల సాల ఉన్నట్టే, బంతికీ ఒక సాల. ఈ మధ్య నాకూ కొత్త మాటలు కట్టే సరదా పుట్టింది. అయినా ఇంత చక్కని మాట నేనింతవరకు కట్టలేకపోయాను.

మ్యాచ్ ఉన్న ప్రతిసారీ గడియ చప్పుడయ్యేది. మామ్మ గడపలో పీట వేసుకునేది. మెట్ల మీదికి రమ్మంటే, "నా ఇంట్లో కూకుని సూత్తన్నాను, మీకేటి?" అనేది. జబ్బుపడ్డాక మంచాన్ని తలుపు దగ్గరికి లాగించుకుంది.

మామ్మ ఉండగా ఆడిన చివరి మ్యాచ్ నాడు బంతి దొర్లుకుంటూ ఆమె మంచం కిందికి వెళ్లింది. తేవడానికి నేను వెళ్లాను. మామ్మ చాలా చిక్కిపోయింది. కళ్లు తెరవకుండానే అడిగింది, "గెలుత్తన్నారా?"

మేము ఓడిపోతున్నాం. కానీ నాకు ఆమె దగ్గర కాసేపు కూర్చోవాలనిపించింది. "గెలుస్తున్నాం మామ్మా," అన్నాను.

ఆమె పెదవులు కొంచెం కదిలాయి. "కేకలు అవతలోళ్లవే. నాకినపడవా? ఎల్లు తల్లీ, ఎల్లు."

వెళ్లాను. ఆ మ్యాచ్ ఓడిపోయాం.

మామ్మ కర్మలయ్యాక కూతురు లోపల గడియ పెట్టి, వీధి తలుపుకు తాళం వేసి గాజువాక వెళ్లిపోయింది. తెరవని తలుపు ఎందుకు, ఇటుకలతో మూసేద్దామని ఆఫీసులో అంటున్నారట. ఉండనివ్వమని అడగడానికే మన కాలేజీ పత్రికలో ఇది రాస్తున్నాను. ఆ హాల్లో మామ్మది అంటూ మిగిలింది అదొక్కటే.

సెలవులకు మూసి ఉంచిన హాలును నిన్ననే తెరిచారు. కిటికీల్లోంచి వచ్చిన ధూళి నేలంతా ఎర్రగా పరుచుకుని ఉంది. మేము ఊడ్చేలోపే ఎవరి చేతిలోంచో బంతి జారింది. మెల్లగా దొర్లుతూ వెళ్లి ఆ తలుపుకు తగిలి ఆగింది. తేవడానికి ఎవరమూ కదల్లేదు. ధూళిలో దాని వెనక సన్నని గీత ఒకటి, మా కాళ్ల దగ్గర మొదలై మామ్మ గడప దాకా ఉంది.