చెంగల్రాయుడి మూడు నిమిషాలు

రేణిగుంట నుంచి తిరుపతికి పోయే దారిలో ఒక రేకుల షెడ్డు ఉంది. లోపల ఒక మూల దూలానికి మూరెడు రైలు పట్టా ముక్క గొలుసుతో వేలాడుతూ ఉంటుంది. దాని కింద ఒక స్టూలు. స్టూలు మీద చెంగల్రాయుడు. నలభై ఏళ్ళుగా ఈ వరుస ఇంతే. మారిందల్లా స్టూలే, అదీ రెండుసార్లు.

ఆ షెడ్డు బాక్సింగ్ నేర్పే చోటు. చెంగల్రాయుడు బాక్సర్ కాదు. అంటే, ఒకసారి అయ్యాడు. రైల్వే గేటు దగ్గర కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మునెయ్య మాస్టరు అతనికి గ్లవ్స్ తొడిగి రింగులో నిలబెట్టాడు. ఎదుటివాడు చెయ్యి విసిరాడు. ఆ చెయ్యి ఇంకా దారిలో ఉండగానే మనవాడు కింద కూర్చున్నాడు. దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియక చూసేవాళ్ళు ఒకరినొకరు అడిగారు. మాస్టరు మాత్రం నవ్వలేదు. లేవదీసి, గ్లవ్స్ ఊడదీసి, ఆ చేతిలో ఒక సుత్తి పెట్టాడు. రౌండు మొదలైనప్పుడు ఒక దెబ్బ, మూడు నిమిషాలకు ఒక దెబ్బ పట్టా ముక్క మీద వెయ్యమన్నాడు.

అక్కడ చెంగల్రాయుడు మొనగాడు. అతనికి గడియారంతో పని లేదు. కళ్ళు మూసుకుంటే చాలు, తలలో గేటు పడుతుంది, రేణిగుంట వైపు నుంచి ఒక గూడ్సు బండి కదిలి వస్తుంది. బొగ్గు పెట్టెలు, సిమెంటు పెట్టెలు, పొడుగ్గా, తొందర లేకుండా, కలలో నడిచినట్టు నడుస్తాయి. చివర గార్డు పెట్టె దాటిపోతుంది. పచ్చజెండా చిన్నదైపోతుంది. చెయ్యి దానంతటది లేచి పట్టా మీద పడుతుంది. సరిగ్గా మూడు నిమిషాలు. మాస్టరు నెల రోజులు తన వాచీతో సరిచూసి, ఆ వాచీని ఇంటికి తీసుకుపోయి గుడ్లు ఉడకబెట్టుకొమ్మని భార్యకు ఇచ్చేశాడు.

కొన్నాళ్ళకు ఆ బండి ఒంట్లోనే తిరగసాగింది. ఇంట్లో పొయ్యి మీది పాలు ఎప్పుడూ పొంగలేదు. భార్య పోలేరమ్మతో పోట్లాట కూడా రౌండ్ల లెక్కనే. మూడు నిమిషాలు అరిచి ఆగేవాడు. ఆమె చెంబుతో నీళ్ళిచ్చేది. ఒక నిమిషం అయ్యాక వదిలిన చోటు నుంచి ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. ఆ ఒక్క నిమిషమే లేకపోతే ఈ కాపురం ఎప్పుడో చెడిపోయి ఉండేదని ఆమే చెబుతుంటుంది.

ఇందులో ఒక రహస్యం ఉంది. రౌండు నడుస్తున్నంతసేపూ చెంగల్రాయుడి కళ్ళు మూసే ఉంటాయి. అంటే నలభై ఏళ్ళలో అతను ఒక్క రౌండు కూడా చూడలేదు. రింగులో ఇద్దరు కొట్టుకుంటుంటే గంట కొట్టేవాడి మొహం ఎవరు చూస్తారు? ఈ సంగతి మాస్టరుకొక్కడికే తెలుసు, ఆయన పోయి పదేళ్ళయింది. తీరా చూస్తే పాత పోటీల గురించి ఊరంతా అడిగేది చెంగల్రాయుడినే. అతనూ టీ అంగడి బల్ల మీద కూర్చుని, బూట్ల చప్పుడు, ఊపిరి చప్పుడు గుర్తు చేసుకుంటూ, మిగిలింది ఆ గూడ్సు బండిలోంచి దించుకుని కమ్మగా చెప్పేవాడు. పదిహేనేళ్ళ కింద ధనంజయ ఫైనల్లో గెలిచిన ఎడమచేతి దెబ్బ అతని నోట ప్రతి ఏడూ కాస్త పెరిగేది.

ఆ ధనంజయే ఇప్పుడు షెడ్డు నడుపుతున్నాడు. బాక్సింగుకు పిల్లలు రావడం లేదు. ఒకప్పుడు బయట సైకిళ్ళు పెట్టడానికి చోటుండేది కాదు. పోయినేడుకి ముగ్గురు మిగిలారు, ఈ ఏడు ఒక్క గ్రేసీ. కుర్రాళ్ళంతా ఫోన్లలో బోనులో కొట్టుకునే పోటీలు చూస్తున్నారు. గుద్దవచ్చు, తన్నవచ్చు, పడదోసి మెడ పట్టవచ్చు. వట్టి సంగటి ముద్ద పక్కన ఫుల్ మీల్స్ పెడితే చెయ్యి ఎటు పోతుంది? ధనంజయ నిట్టూర్చి బోర్డు మార్పించాడు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అని ఎర్రక్షరాలు. రింగు తాళ్ళు విప్పి పరుపులు పరిచాడు. మొదటి వారమే నలభై మంది చేరారు.

గ్రేసీ రేణిగుంట ఫ్యాక్టరీలో పని చేస్తుంది. రెండేళ్ళు బాక్సింగ్ నేర్చిన పిల్ల, తనతో తలపడేవాళ్ళే లేక ఆమె కూడా పరుపుల మీదికి మారింది. ఆ ఆదివారం పెట్టిన మొదటి పోటీకి ధనంజయ ఫోను బజరు చాలనుకుంటే, రాయుడు మామ గంట లేనిదే దిగనని పట్టుబట్టింది. చెంగల్రాయుడికి ఆ మాట తెలిసి రాత్రంతా సరిగ్గా నిద్ర పట్టలేదు. తన పేరు ఆ పిల్ల నిలబెట్టింది, ఆమె పరువు తన సుత్తి నిలబెట్టాలి.

చిక్కల్లా ఒకటే. ఈ ఆటలో ఒక్కటే రౌండు. ఐదు నిమిషాలు.

మొదటి రెండు జోడీలకూ ధనంజయ పక్కనే నిలబడి, ఫోనులో గడియారం చూపించి కొట్టించాడు. అంతా సవ్యంగా జరిగింది. మూడోది గ్రేసీకి, చిత్తూరు నుంచి వచ్చిన ప్రశాంతికి. ధనంజయ ఫోనును స్టూలు పక్కన ఆనించి, గ్రేసీ వైపు వెళ్ళి నిలబడ్డాడు.

చెంగల్రాయుడు గంట కొట్టాడు. ఫోను వైపే చూద్దామనుకున్నాడు. ఇంతలో ధబ్బుమని చప్పుడు వినిపించింది. చూస్తే గ్రేసీ వెల్లకిలా ఉంది, ప్రశాంతి మీద కూర్చుని ఉంది. పడినవాళ్ళను కొట్టడం ఆయన ఎరిగిన ఆటలో లేదు. చూడలేకపోయాడు. కళ్ళు మూసుకున్నాడు, అంతే. గేటు పడింది. ఎండలో పట్టాలు మిలమిలలాడాయి. బొగ్గు పెట్టెలు ఒకటొకటిగా వచ్చాయి, వాటి నీడలు ఆయన మొహం మీదుగా చల్లగా జరిగిపోయాయి. ఆ నడుమ ఎక్కడో మునెయ్య మాస్టరు తెల్లచొక్కా వేసుకుని పెట్టె గుమ్మంలో కాళ్ళూపుతూ కూర్చుని పోయాడు. గార్డు పెట్టె వచ్చింది. జెండా చిన్నదైంది.

ఖంగుమంది పట్టా.

కళ్ళు తెరిచేసరికి షెడ్డంతా ఆయన వైపే చూస్తోంది. అప్పటికి ప్రశాంతి చెయ్యి గ్రేసీ మెడ కింద దాదాపు బిగిసింది. గంట వినగానే వదిలేసి లేచింది. ఫోనులో మూడు నిమిషాలు, పైన ఒక సెకను.

చిత్తూరు వాళ్ళు లేచారు. ముసలోడు వాళ్ళ పాపను కాపాడుకున్నాడని ఒకరంటే, ఇంత పచ్చి మోసమా అని ఇంకొకరు. రెఫరీగా వచ్చిన జయచంద్ర నెమ్మదైన మనిషి. అందరినీ కూర్చోబెట్టి విషయం తేల్చి చెప్పాడు. తెలిసి కొట్టి ఉంటే గ్రేసీ ఓడినట్టే. తెలియక కొట్టి ఉంటే, ఆగిన చోటు నుంచి మళ్ళీ రెండు నిమిషాలు.

ధనంజయ స్టూలు దగ్గరికి వచ్చాడు. "రాయన్నా, ఎదురుగా ఫోనుండాది, ఎదురుగా పాప కిందుండాది. సూసి గూడా తెలీకుండా కొట్టినానంటే ఎవురు నమ్ముతారు?"

చెంగల్రాయుడు సుత్తిని ఒళ్ళో పెట్టుకున్నాడు. చేసిన మోసమేమీ లేదు. కానీ అది తేలాలంటే నలభై ఏళ్ళ పరువును ఈ పరుపుల మీద పరచాలి. గ్రేసీ వైపు చూశాడు. ఆ పిల్ల మెడ రుద్దుకుంటూ, మామ ఏదో ఒకటి చెబుతాడులే అన్నట్టు నమ్మకంగా చూస్తోంది.

"నేను సూడలేదప్పా," అన్నాడు. "కండ్లు మూసుకోనుండినాను."

"ఈ పొద్దా?"

"ఎప్పుడూ అంతే. నలభై ఏండ్లుగా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు షెడ్డంతా పాకింది. ధనంజయ ఒక్కడే నవ్వలేదు. వంగి, చిన్న గొంతుతో అడిగాడు.

"మరి నా ఫైనల్సు? ఆ ఎడమచెయ్యి?"

"అది గూడా సూడలేదు. సప్పుడు విన్నాను." చెంగల్రాయుడు సుత్తి పిడి తుడుస్తూ అన్నాడు, "బాగా కొట్టినట్టే వినపడింది నాయనా."

ధనంజయ రెఫరీ వైపు తిరిగి, తెలియకే కొట్టినాడని చెప్పాడు. ఇంత సిగ్గుమాలిన సాకు ఎవరూ కల్పించి చెప్పరని చిత్తూరు వాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

ఆ తర్వాతే పెద్ద తంతు. ఎవరి చెయ్యి ఎక్కడుంది, ఎవరి మోకాలు ఎవరి నడుము మీదుంది? ఇద్దరమ్మాయిలనూ పటానికి పూలదండ సర్దినట్టు సర్దారు. "ఈమె మోచెయ్యి ఇంకాస్త కిందుండె సార్," అని ప్రశాంతే దగ్గరుండి దిద్దించింది. కింద నుంచి గ్రేసీకి నవ్వాగలేదు.

మళ్ళీ గంట. ఈసారి చెంగల్రాయుడు కళ్ళు తెరిచే ఉంచాడు. ఒకటి ఫోను మీద, ఒకటి పరుపుల మీద. గ్రేసీ ఒక పక్కకు ఒరిగి, చేప జారినట్టు జారి, లేచి నిలబడింది. కాళ్ళు సర్దుకుంది. ఎడమచెయ్యి చాచింది. ఆ చెయ్యి వెళ్ళడం, తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం... నలభై ఏళ్ళు చెవితో విన్న చప్పుడుకు ఇంత అందమైన రూపం ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది. నోరు తెరుచుకుని చూశాడు. ఎంతగా చూశాడంటే, గంట ఒక సెకను ఆలస్యమైంది. దానికెవరూ ఏమీ అనలేదు.

పాయింట్ల మీద ప్రశాంతే గెలిచింది. గెలవాల్సిందే.

సాయంత్రం చెంగల్రాయుడు టీ అంగడి వైపు పోలేదు. పోలేరమ్మ సంగతి విని, మూడు నిమిషాలు నవ్వి, నీళ్ళిచ్చింది. ధనంజయే ఇంటికి వచ్చి గడప మీద కూర్చున్నాడు. బజరు తెస్తానని చెప్పడానికేమో అనుకున్నాడు చెంగల్రాయుడు. ధనంజయ ఆ మాటే ఎత్తలేదు. చాలాసేపు కాలిగోరు గిల్లుకుని, "నా ఫైనల్సు మళ్ళా ఒగసారి సెప్పన్నా," అన్నాడు. "సూడకపోతే ఏమి. ఎట్లా సెప్తావో అట్లే సెప్పు."

మర్నాడు ఆరింటికి గ్రేసీ షెడ్డులో ఉంది. ఆయన కోసమే కాచుకుని ఉంది.

"మామా, ఐదు నేర్సుకోవల్ల నువ్వు."

తన వల్ల కాదని, తన బండి పొడుగు అంతేనని చెంగల్రాయుడు ఒప్పుకున్నాడు. అప్పటిదాకా ఎవరికీ చెప్పని గూడ్సు బండి సంగతి ఆ పిల్లకు చెప్పేశాడు. గ్రేసీ నవ్వలేదు, ఆలోచించింది. ఆయన రిటైరయ్యేదాకా ఆ గేటు దగ్గర ఫ్యాక్టరీకి ఆలస్యమవుతూ స్కూటీ మీద ఆగిన పిల్లే ఆమె.

"గూడ్సు పోయిన వెంటనే నువ్వు గేటు తీస్తా ఉండినావా మామా? మేము హారన్లు కొట్టి తిడతా ఉంటే ఏమంటావుంటివి?"

చెంగల్రాయుడికి ఆ మాట గుర్తొచ్చింది. స్టూలు మీద కూర్చుని, గంట కొట్టి కళ్ళు మూసుకున్నాడు. గేటు పడింది. గూడ్సు వచ్చింది, నిదానంగా పోయింది, గార్డు జెండా చిన్నదైంది. చెయ్యి లేచింది. గేటుకు అటూ ఇటూ జనం బండ్లు స్టార్టు చేశారు.

"ఉండండప్పా," అన్నాడు చెంగల్రాయుడు పైకే. "ఇంకో బండుండాది."

తిరుపతి వైపు నుంచి ప్యాసింజరు వస్తోంది. కిటికీల్లో తడి గుండ్లు, చందనం వాసన, నిద్రలో ఊగే తలలు. సుత్తి గాలిలోనే ఆగింది. పరుపుల మీద గ్రేసీ పాదాలు అటూ ఇటూ కదులుతున్న చప్పుడు.

సగం బండి దాటాక ఆయన ఒక కన్ను కాస్త తెరిచాడు.