రోడ్డు మింగిన మూడు మెట్లు

మా ఇంట్లోకి మోరీలోని మురుగు నీళ్లు పంపింది మీరే. నింద వాన మీద వేయకండి. ఇల్లు ఎత్తు చేసుకుని, గుమ్మం ముందు సిమెంటు వాలు పోయించుకుని, ఇక మనకు ఫికర్ లేదనుకున్న ప్రతి ఒక్కరినీ అంటున్నాను.

మా చిన్నప్పుడు... పాతబస్తీలోని మా ఇంట్లోకి వెళ్లాలంటే రోడ్డు మీంచి మూడు మెట్లు ఎక్కాలి. షాబాద్ బండల మెట్లు. మధ్య మెట్టు మీద ఎవరో ఎప్పుడో మేకుతో చెక్కిన అష్టాచమ్మా గళ్లుండేవి. చింతగింజలు అరగదీసి నేనూ, తమ్ముడూ, గల్లీ పిల్లలూ పొద్దంతా ఆడేవాళ్లం. ఆట మధ్యలో మెట్టెక్కి లోపలికి పోవాలంటే ఇంటికొచ్చిన చుట్టాలు కూడా మమ్మల్ని బతిమాలాల్సిందే...

ఇప్పుడు మా ఇంట్లోకి రావాలంటే రెండు మెట్లు దిగాలి.

ఇల్లు కుంగలేదు. రోడ్డు పెరిగింది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది... దాని మీద ఇంకొకటి. "మా హయాంలో మీ గల్లీకి రోడ్డు" అని నాయకులు దండలేయించుకోవడం ప్రతిసారీ. చప్పట్లు కొట్టింది మీరు. మేమూ కొట్టాం, దాచను.

మొదటి తారు రోడ్డు వేసిన రోజు నాకు బాగా గుర్తు. మా బాపు కూలీలందరికీ చాయ్ తాగించాడు. ఊరికే కాదు.

"అన్నా, మిగిలిన మాల్ మా మెట్టు కాడ పొయ్యరాదె. నా స్కూటర్ సాఫ్‌గ లోపలికొస్తది" అన్నాడు.

ఎదురింటి రజియా ఖాలా, మాకు పిన్ని వరస, అప్పటికి పెళ్లై వచ్చి ఏడాదో రెండేళ్లో. ఇంట్లోనే మగ్గం మీద చీరలకు జరీ పని చేసేది. పరదా వెనక నుంచే అడిగింది.

"భాయ్, రోడ్డు గింత ఎత్తు జేస్తున్నరు... రేపు వానొస్తే నీళ్లు ఎవరింటికి దావత్‌కు పోతయ్?"

"మీ ఇంటికే ఆపా. చుట్టాలు మీకే ఎక్కువ గద" అన్నాడు బాపు.

గల్లీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కింది మెట్టు ఆ రోజే పోయింది. తర్వాతి రోడ్డుకు అష్టాచమ్మా మెట్టు పోయింది... మేము కొత్త తారు మీద చెప్పులు అతుక్కుంటే మురిసిపోతూ ఉరికాం. మూడోది ఎప్పుడు పోయిందో చూసినవాళ్లే లేరు.

పోయిన వానాకాలం మిట్టమధ్యాహ్నం గంటసేపు కొట్టింది వాన. మోకాళ్ల దాకా మోరీ నీళ్లు. బియ్యం డబ్బా వంటింట్లోంచి ముందరి అర్రలోకి తేలుతూ వచ్చింది. బాపు ఇప్పుడు లేడు. ఇల్లు నాదీ, తమ్ముడిదీ. ఇల్లు వదలాలా, బాగుచేసుకోవాలా అని ఆ రోజు మొదలైన లొల్లి ఇంకా తెగలేదు.

"అక్కా, జల్‌పల్లిల జాగ జూసిన. రోడ్డు కంటె ఎత్తుల ఉన్నది" అన్నాడు తమ్ముడు.

"ఇయ్యాల ఎత్తుల ఉన్నది. రేపు అక్కడ గూడ రోడ్డేస్తరు."

"నీతోని మాట్లాడుడంటే మీటింగుల కూసున్నట్టే. గా మైకు పక్కకు వెట్టి, ఉంటవా పోతవా చెప్పు."

మేస్త్రీని పిలిచాం. జాకీలతో ఇల్లు లేపితే మా గచ్చుగోడలు తట్టుకోవన్నాడు. మట్టి నింపి నేల ఎత్తు చేస్తే ఫ్యాను తలకు తగులుతుందన్నాడు. చివరికి దారి చెప్పాడు.

"ముందరి రెండు అర్రలు ఇరగ్గొట్టి ఎత్తుల కడుదం అక్కా. ఇగ నీళ్లు మీ దిక్కు సూడయ్."

"మరి ఎటు పోతయ్?"

మేస్త్రీ టేపు చుట్టుకుంటూ ఎదురింటి వైపు చూశాడు.

అక్కడ ఖాలా మగ్గం ముందు కూర్చుని ఉంది. నేలకు జానెడు ఎత్తులో చెక్క చట్రం, దాని మీద బిగించిన ఎవరిదో పెళ్లి చీర. ఆ చీర తడిస్తే ఆమె నెలల కష్టం పోతుంది, పని ఇచ్చే సేటు మళ్లీ గడప తొక్కడు. ఇప్పటిదాకా వాన నీళ్లు మేమిద్దరం సగం సగం పంచుకుంటున్నాం. మేము ఎత్తు పెరిగితే ఆమె వాటా రెండింతలు.

వెళ్లి చెప్పాను. సూది ఆపకుండానే విన్నది.

"కట్టుకో బేటీ. అందరు కట్టుకున్నరు, ఒక్కరన్న వచ్చి చెప్పిన్రా? నాకు రెండు దినాల ముంగట చెప్పు. మగ్గం గోడకు ఏలాడదీసుకుంట."

తిట్టినా బాగుండేది...

ఈ గ్రూపులో పాత ఇంటి ఫొటో పెడితే "ఎంత బాగుందో" అని రాస్తారే, మీలో చాలామంది ఇల్లు ఎత్తు చేసుకున్నవాళ్లే. మీకు మెట్ల జ్ఞాపకం కావాలి, మెట్లను మింగిన రోడ్డు గురించి మాత్రం మాట వద్దు. సైదాబాద్ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో కూర్చుని "ఇంకా అక్కడెందుకు, అమ్మేయండి" అని సలహా ఒకటి. మేము అమ్మితే కొన్నవాడు మొట్టమొదట చేసేది ఇల్లు ఎత్తడమే. అప్పుడు ఖాలా ఎక్కడికి పోవాలి?

మేస్త్రీకి వద్దని చెప్పేశాను. ఈ వానాకాలం ఎత్తము, అమ్మము. తమ్ముడు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఫ్రిజ్ ఇటుకల మీద ఉంది. నీళ్లు మళ్లీ వస్తాయని తెలిసే కూర్చున్నాం. అందుకే అడుగుతున్నాం, బతిమాలడం లేదు.

కొత్త రోడ్డు వేసే ముందు పాత రోడ్డును తవ్వి తీసేయాలి.

రోడ్డు ఏ గల్లీలోనూ అక్కడి గడపల కంటే ఎత్తు ఉండకూడదు.

మోరీల పూడిక వానలకు ముందే తీయాలి. తీసిన బురద అదే రోజు ఎత్తుకుపోవాలి.

ఇప్పటికే రోడ్డు కిందికి పోయిన ఇళ్లను ఎత్తు చేసుకోవడానికి ప్రభుత్వమే సాయం చేయాలి. ఒక్కొక్కరికి కాదు, గల్లీ మొత్తానికి ఒకేసారి.

మీ గల్లీలో ఎన్ని ఇళ్లు ఇట్లా పోయాయో కింద రాయండి. గుండె బొమ్మలు పెట్టకండి.

ఇల్లు ఎత్తాలనుకుంటే, పునాది తవ్వకముందు ఎదురింటి తలుపు కొట్టండి. మీ నీళ్లు ఎటు పోతాయో వాళ్ల ముఖం చూసి చెప్పండి.