చేపల మీట

ఇంటర్ ఇంగ్లీషులో రెండుసార్లు తప్పాను. అయినా భావనపాడులో మా వీధి మొత్తానికీ ఇంగ్లీషు పండితురాల్ని నేనే! మందుచీటీ, ఫోన్ మెసేజ్, ఆఫీసు కాగితం, ఏదొచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. అడిగిందే అడుగుతుంటే ఒళ్లు మండి, ఒక నోటుబుక్కులో అర్థాలు రాసిపెట్టాను. ఓటీపీ: ఎవడడిగినా చెప్పకూడని అంకె. ఎన్ఏ: ఆ గడి మనది కాదు, వదిలెయ్. పెండింగ్: అయిపోతుందంటారు, అవ్వదు.

నాన్న బోటుకి చేతిలో పట్టే జీపీఎస్ కొన్నాక దాని మీది అక్షరాలకీ అర్థాలు రాయమన్నాడు. ఈటీఏ అంటే ఎన్నింటికి చేరతామో చెప్పేది. అంతవరకూ హాయిగానే సాగింది.

"ఎంఓబీ రాయక్కర్లేదే, నాకు తెల్సు. అది సేపల మీట" అన్నాడు గొప్పగా. వల బరువుగా లేచినప్పుడల్లా అది నొక్కితే ఆ చోటు గుర్తుండిపోతుందట. మర్నాడు తిన్నగా అక్కడికే వెళ్లి వల వేసేవాడు.

అనుమానమొచ్చి, జీపీఎస్‌తో ఇచ్చిన పుస్తకం తిరగేశాను. ఎంఓబీ అంటే మ్యాన్ ఓవర్‌బోర్డ్. బోటు మీంచి మనిషి నీళ్లలో పడిపోతే వెంటనే నొక్కాల్సిన మీట అది! పడిన చోటికి వెనక్కి దారి చూపిస్తుంది. అలాగే రాసి, పైకి చదివాను.

"నోర్ముయ్యే!" అంటూ అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది. వేటకెళ్లే ఇంట్లో పడటం, మునగటం అన్న మాటలు నోట రాకూడదు. వేటకి బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడగటమే మా వాళ్లలో తప్పు. ఆ కాగితం పర్రున చింపేసింది.

నాకూ తిక్క రేగింది. "మనం అనకపోతే సముద్రం ఊరుకుంటాదేటి?" అని అరిచాను. కోపం కాదు, భయం. ఆ మీట ఎందుకో తెలియకుండానే నాన్న ఇన్నాళ్లూ వెళ్లొచ్చాడు. ఇంకో కాగితం తీసి మళ్లీ రాశాను. ఎంఓబీ: మన మనిషిని వెనక్కి తెచ్చుకునే మీట.

నాన్న ఆ కాగితం తీసుకుని చదివాడు.

"మరి నానే పడిపోతే ఎవులు నొక్కుతారే?"

బోటు మీద నాన్నతో వెళ్లేది చిన్నాన్న ఒక్కడే. ఆయనకి అక్షరం ముక్క రాదు. జీపీఎస్ పాడుచేస్తాడని నాన్న ముట్టుకోనిచ్చేవాడే కాదు.

 అమ్మ పక్కింటికెళ్లి చిన్నాన్నని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. జీపీఎస్ ఆయన చేతిలో పెట్టింది.

"ఇదిగో, ఈ మీట సూసుకో. మీ అన్న సముద్రంలో పడిపోతే ఇది నొక్కాల. ఏదీ, నొక్కి సూపించు."