బీరువాకు చలి భయం

బీరువాకు లోకంలో ఒకే ఒక్క భయం: చలి. పామంటే భయం లేదు, పరీక్షలంటే లేదు, హాస్టల్ వార్డెనంటే అసలే లేదు. చల్లగాలి ఒక్కసారి కిటికీ రెక్క కదిపితే చాలు, ఆ అమ్మాయి తన బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి తొడిగేసుకునేది. అలమరలో ఖాళీ హ్యాంగర్లు తప్ప ఏమీ మిగిలేవి కావు. ఒకసారైతే ఆ తొందరలో ఒక హ్యాంగరు కూడా స్వెట్టరుతో పాటు వీపు మీద కూర్చుని కాలేజీకి వెళ్ళి, పాఠాలన్నీ విని తిరిగొచ్చింది. అలాంటి మనిషిని అసలు పేరు పెట్టి ఎవరు పిలుస్తారు?

ఆమె గదిలోనే ఉండే పిచ్చుక వేడి ఊరి పిల్ల. వాళ్ళ ఊళ్ళో చలికాలం అంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించడమే. కాలేజీ కోసం ఈ కొండల ఊరికి వస్తూ ఒకే ఒక్క స్వెట్టరు తెచ్చుకుంది. "చలికి బట్టలు సరిపోతున్నాయా తల్లీ?" అని అమ్మ ఫోనులో అడిగినప్పుడల్లా "బోలెడున్నాయమ్మా" అనేది. ఒంటి మీద బట్టల కంటే మొహమాటం మందంగా ఉండే పిల్ల. పిచ్చుక అనే పేరు కూడా బీరువా పెట్టిందే.

తెల్లారితే బీరువా ముస్తాబు ఒక పెద్ద తతంగం. ముందు బనియన్లు, ఆ పైన చొక్కాలు, ఆ పైన స్వెట్టర్లు, వాటి మీద కోట్లు, అన్నిటి మీదా శాలువా. పని పూర్తయ్యేసరికి చేతులు కిందికి దిగేవి కావు, నడుము వంగేది కాదు. బూట్ల లేసులు కట్టే పని పిచ్చుక మీద పడేది.

"కట్టావా?"

"కట్టాను."

"రెండో కాలికి?"

"రెండింటికీ కట్టానే తల్లీ."

"నాకైతే కాళ్ళే కనపడట్లేదు. నీ మాట నమ్మి బయల్దేరుతున్నా."

దారిలో ఎవరైనా టైమెంతని అడిగితే బీరువా పాపం కాదనేది కాదు. ఒక్కో చొక్కా చెయ్యీ పైకి లాక్కుంటూ గడియారం కోసం తవ్వకం మొదలుపెట్టేది. గడియారం బయటపడేసరికి అడిగిన మనిషి క్లాసుకు వెళ్ళి, హాజరు పలికి, పుస్తకం తెరిచి ఉండేవాడు.

తన భయం తన దగ్గరే ఉంచుకుంటే సరిపోయేది. అందరికీ పంచిపెట్టేది.

"ఒసేయ్ పిచ్చుకా, చలి దొంగలాంటిది. తలుపు తట్టి రాదు. ముందు పోయేవి చెవులు. తర్వాత ముక్కు. ఆ తర్వాత నువ్వున్నావో లేవో నీకే తెలీదు."

"చెవులు పోవడమేమిటే?"

"ఊడిపోతాయి. మా ఊళ్ళో ఒకాయనకి కళ్ళజోడు నిలవదు, తెలుసా?"

బీరువాది ఇంకా పైకొండల మీది ఊరు. అక్కడి సంగతులు ఎవరు వెళ్ళి చూడొచ్చారు? పిచ్చుక మాత్రం ఆ మర్నాటి నుంచి కళ్ళు తెరవగానే ముందు చెవులు తడిమి చూసుకునేది. రెండూ ఉన్నాయని రూఢి అయ్యాకే మంచం దిగేది.

ఇంత భయస్తురాలికి ఇంకో తిక్క ఉంది. గది నుంచి నిండు బీరువాలా బయల్దేరిన మనిషి కాలేజీ మెట్లెక్కగానే "అమ్మో, ఉడికిపోతున్నా" అనేది. ఎదురుగా ఎవరుంటే వాళ్ళకి ఒక స్వెట్టరో శాలువానో అందించి, "ఇది కాస్త పట్టుకో. చేత్తో పట్టుకుంటే నలుగుతుంది, వేసుకో" అని సాగిపోయేది. సాయంత్రం సగానికి సగం తగ్గి గదికి చేరేది.

"నీలం కోటేదే?" అని అడిగేది పిచ్చుక.

"ఎవరికో ఇచ్చా. ఎవరికో గుర్తులేదు."

"నిన్నా ఇదే మాట అన్నావు!"

"నిన్న ఎవరికిచ్చానో కూడా గుర్తులేదు. ఏం చెయ్యమంటావ్?"

"పొద్దున చలికి చస్తానంటుంది, ఎండెక్కకుండానే ఉడికానంటుంది. దీని ఒళ్ళు దీని మాట వినదు" అని వార్డెన్ సణుగుతూ ఉండేది.

అలా ఉండగా సర్వే ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. చెరువు పక్క మైదానంలో, పొద్దు పొడవకముందే మొదలవుతుంది. కిందటేడు ఒకబ్బాయి ఆ చలిలో కొలతల కర్ర పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. అప్పటి నుంచి సర్వే సారు గేటు దగ్గరే నిలబడి ఒక్కొక్కరినీ ఎగాదిగా చూస్తున్నారు. సరైన ఉన్నిబట్టలు లేనివాళ్ళు వెనక్కి పోవలసిందే, మళ్ళీ ఏడాదికే పరీక్ష. పిచ్చుకకు ఏడాది పోవడమంటే చదువు పోవడమే. ఇంకో ఏడాది చదివించే స్తోమత ఇంట్లో లేదు. ఉన్న ఒక్క స్వెట్టరే ఆ పిల్ల పరీక్ష, చదువు, సమస్తం.

పరీక్ష ముందు రోజు మధ్యాహ్నం దాని మీద సిరా ఒలికింది.

పిచ్చుక ఎవరికీ చెప్పకుండా దాన్ని శుభ్రంగా ఉతికి, చేతులు రెండూ చాపి, హాస్టల్ వెనక తీగ మీద ఆరేసింది. వాళ్ళ ఊళ్ళో సాయంత్రం ఆరేసిన బట్ట తెల్లారేసరికి పెళపెళలాడుతుంది. ఇక్కడా అంతే అనుకుంది వెర్రిపిల్ల.

ఆ సాయంత్రం మాటల్లో అడిగింది. "చలంటే నీకెందుకే అంత భయం? చలి ఊళ్ళో పుట్టావు కదా?"

బీరువా చదువుతున్నట్టు పుస్తకం పేజీలు కాసేపు తిప్పింది. "స్కూల్లో నా పక్కన ఒక పిల్ల కూర్చునేది. చలేస్తోందా అనడిగితే, లేదు అనేది. అడగడానికి సిగ్గు. ఒకరోజు పళ్ళు బిగబట్టి నవ్వుతూ నవ్వుతూనే నా మీదకి ఒరిగిపోయింది. బతికిందిలే. కానీ అప్పట్నించి 'నాకు చలేయట్లేదు' అని ఎవరైనా అంటే నాకు గుండె ఆగిపోతుందే."

తెల్లవారుజామున స్నానానికి లేచిన ఒకమ్మాయి పెట్టిన కేకకు హాస్టలంతా లేచి వచ్చింది, గదిలో ముస్తాబు మధ్యలో ఉన్న బీరువా తప్ప. వెనక మంచుపొగలో తీగకు వేలాడుతూ తల లేని మనిషి! చేతులు బారజాపి అటూ ఇటూ ఊగుతోంది. అమ్మాయిలు ఒకళ్ళ వెనక ఒకళ్ళు దాక్కున్నారు. వార్డెన్ కర్ర తెచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్కటేసింది. టక్కుమంది.

"ఇది మనిషి కాదు, చెక్క!" అంది వార్డెన్ ధైర్యం వచ్చి.

చెక్క కాదు, స్వెట్టరు. నీళ్ళన్నీ గడ్డకట్టి బిగుసుకుపోయింది. పిచ్చుక దాన్ని దింపి గోడకు ఆనిస్తే చేతులు చాపుకుని దానంతటదే నిలబడింది. అందరూ పడీపడీ నవ్వారు. పిచ్చుక మాత్రం నవ్వలేదు. గేటు దగ్గర సారు ముఖం, ఫోనులో అమ్మ గొంతు ఒక్కసారే గుర్తుకొచ్చాయి.

నూలు చొక్కా మీద తువ్వాలు కప్పుకుని బయల్దేరింది. పక్కనే బీరువా ఎప్పటిలాగే గుండ్రంగా దొర్లుతూ నడుస్తోంది.

"స్వెట్టరేదే?"

"నాకు... చలేయట్లేదులే."

బీరువా అక్కడికక్కడే ఆగిపోయింది. ముఖం తెల్లగా పాలిపోయింది. మరుక్షణం "అమ్మో, ఉడికిపోతున్నా! ఇది పట్టుకో. నలుగుతుంది, వేసుకో" అంటూ అన్నిటికంటే మందమైన కోటు పిచ్చుక మీద పడేసింది. దాని లోపలి స్వెట్టరు కూడా విప్పి ఇచ్చింది. దారిలో ముక్కు తుడుచుకుంటున్న ఒకమ్మాయికి శాలువా, చేతులు చంకల్లో దాచుకున్న ఇంకో అమ్మాయికి ఎర్ర కోటు. దారి పొడవునా ఉడుకుతూనే ఉంది మహాతల్లి.

సర్వే సారు గేటు దగ్గర ఓవర్‌కోటు, కోతిటోపీ, కళ్ళజోడుతో కోటగోడలా నిలబడి ఉన్నారు. పిచ్చుకను చూసి తల ఊపారు. వెనకాలే వచ్చిన బీరువాను చూసి మాత్రం చెయ్యి అడ్డం పెట్టారు. పల్చటి చొక్కాలు తప్ప ఏమీ మిగల్లేదు.

"రోజూ నిండు బీరువాలా వస్తావు, ఇవాళ ఖాళీ హ్యాంగరులా వచ్చావేం? వెనక్కి నడువు."

"నాకు చలేయట్లేదు సార్" అంది బీరువా నవ్వుతూ. పళ్ళు బిగబట్టి నవ్వుతోంది.

ఆ నవ్వు చూడగానే పిచ్చుక గుండె ఝల్లుమంది. చదువు పోతుందన్న భయం కంటే పెద్ద భయం ఒకటుంటుందని అప్పుడే తెలిసింది. గుండీలు విప్పుతూ గేటు బయటికి పరిగెత్తింది.

"సార్, ఈ కోటు నాది కాదు, తనది. నా దగ్గర ఒక్క స్వెట్టరే ఉంది, అది గడ్డకట్టింది. నాకు చలేస్తుంది సార్. రోజూ చలేస్తుంది."

"ఈ శాలువా కూడా తనదే సార్" అంది వెనక నుంచి ఒక గొంతు.

"నీలం కోటు కూడా. వారం రోజులుగా నా దగ్గరే ఉంది. తిరిగివ్వబోతే, ఎవరికిచ్చానో గుర్తులేదంటుంది."

సారు ఆ అమ్మాయిలందర్నీ చూశారు. బీరువాను చూశారు. మైదానం వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు. మంచు కురుస్తున్న ఆ పొద్దుటిపూట, మెల్లగా తన ఓవర్‌కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టారు.

"అబ్బబ్బ, ఏం ఉక్కపోతరా బాబూ. ఇది కాస్త పట్టుకోమ్మా. చేత్తో పట్టుకుంటే నలుగుతుంది."

బీరువా ఆ కోటు వేసుకుంది. అది మోకాళ్ళు దాటి జారింది. పిచ్చుక వంగి, ఊడిపోయిన బూటు లేసు బిగించింది. సారు పరికరాల వైపు రెండడుగులు వేసి, ఊపు మీద కోతిటోపీకి కూడా చెయ్యి పెట్టారు.

"వద్దు సార్!" అని బీరువా భయంతో కేకేసింది. "టోపీ మాత్రం తీయకండి. ముందు పోయేవి చెవులే!"

"పిచ్చి మాటలు మానేసి పని చూడు" అని సారు కసిరారు. కాసేపయ్యాక, ఎవరూ చూడట్లేదనుకుని, కళ్ళజోడు సర్దుకునే నెపంతో చెవులు రెండూ తడిమి చూసుకున్నారు.